లెక్క

డబ్బాలో పన్నెండు ఓళిగలు ఉండాల. పొద్దున మా అత్త మూత తీసి, వేలు పెట్టి లెక్కబెట్టి "ఐదే ఉండాయే!" అనింది. అంతే. కానీ ఆ చివరి 'యే' సాగదీసింది చూడండి, అది ఆఫీసు దాకా వెంట వచ్చింది.

మిగతా ఏడూ నేనే తిన్నా. రాత్రి పదకొండున్నరకి, వంటింట్లో లైటు వేయకుండా, ఫ్రిజ్జు వెలుతురులో. ఆకలేసి కాదు. మూడోదానికే కడుపు నిండింది, ఏడోదానికి నెయ్యి వాసన వెగటు పుట్టింది. అయినా చెయ్యి ఆగలేదు.

అసలు ఇంట్లో తిండికి లెక్క ఏంది? మా ఆయన నాలుగు తింటే "పాపం, అలిసొచ్చినాడు". మామ షుగరు పెట్టుకుని మైసూరుపాకు నమిలితే అందరికీ నవ్వు. నాకు మాత్రం పోయినేడు నలుగురి ముందర అత్త నోట "నోరు కట్టుకోలేవా మే?"

నోరు కట్టుకోవడం నాకు రాకనా! పదో తరగతి ఎండాకాలం, తాడిపత్రి దగ్గర మా అవ్వ వాళ్ళ ఊరు. అక్క పెండ్లికి కర్జికాయలు చేసి గంగాళం నిండా పెట్టినారు. పెండ్లిలో లావుగా కనపడతానని అమ్మ నాకు మూడు రోజులు రాగి జావే పోసింది. నాకూ గొప్పగానే ఉండింది. నాలుగో రోజు మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే వడ్ల మూటల వెనక కూర్చుని ఎన్ని తిన్నానో నాకే తెలీదు. పావడా నిండా కొబ్బరి పొడి, దానికి చీమలు. తలెత్తితే ఎదురుగా అవ్వ. ఏమీ అనలేదు, చెంబుతో నీళ్ళిచ్చింది. సాయంత్రం అమ్మతో "ఎలుకలు పడినాయి" అని చెప్పేసింది. ఎంత హాయిగా ఉండిందో! ఆ ఎలుకల వల్లే ఇన్నేండ్లు దాచుకోవడం నేర్చుకున్నానేమో. లేదులే, అవ్వ మీదకి తోయడం అన్యాయం.

ఈ తిండి సంగతికే ఆమధ్య టవర్ క్లాక్ దాటి డాక్టరమ్మ దగ్గరికి పోయినా. అంతకుముందు మనసు బాగలేనోళ్ళకి సర్కారు పెట్టిన ఫోన్ నంబరు 14416కి రెండుసార్లు చేసి పెట్టేసి, మూడోసారి మాట్లాడినా. తెలుగులోనే మాట్లాడినారు. డాక్టరమ్మ దీనికి పేరు చెప్పింది, బింజ్ ఈటింగ్ డిజార్డర్. తిని వాంతి చేసుకునేవాళ్ళది వేరే, బులీమియా. వారానికి ఒకసారైనా, మూడు నెలల పాటు ఇట్లా చెయ్యి దాటిపోతుంటే జబ్బేనంట. అమెరికా సైకియాట్రీ వాళ్ళు 2013లో తమ పుస్తకంలో విడి జబ్బుగా చేర్చినారంట. ఆ ఏడే నేను జిమ్ముకు లెక్క కట్టి, రాత్రి అన్నం మానేసి, నన్ను నేను తిట్టుకుంటా ఉండినా. ఈమె మానమనలేదు. పూటకు పూట తిను, మూడు నాలుగు గంటలకు మించి కడుపు మాడ్చొద్దు, తిన్నది తిన్నట్టు రాయి అనింది. మాడ్చిన కడుపే రాత్రిపూట తిరగబడుతుందంట. నిన్నటి పేజీలో 'ఓళిగలు 3' అని రాసినా. ఇందాక కొట్టేసి 7 వేసినా.

ఇంతకీ సాయంత్రం తెలిసింది, అత్త లెక్క నా గురించి కాదు. పక్కింటి పిల్లోనికి ఆరు ఇస్తానని మాటిచ్చిందంట, ఒకటి తక్కువైందని ఆమె బాధ. రోజంతా ఊరికే తిట్టుకున్నా. అయినా పోయినేటి మాట అన్నది అన్నదే, దాన్ని మాత్రం వదలను.

రేపు శనివారం. పెండ్లైనప్పటి నుంచీ అత్తతో పాటు నాకూ ఒక్కపొద్దే. ఉండనంటే ఎందుకని అడుగుతుంది. గ్యాస్ట్రిక్ మాత్రలని చెప్పొచ్చు. అదీ ఎలుకల లెక్కే. ఉగ్గానికి బొరుగులు ఉన్నాయో లేదో చూసి పడుకోవాల.