కర్ణుడి శాపాన్ని బగ్ అనుకున్నారు

మా ముగ్గురికీ ఈ పిచ్చి ఒక శనివారం రాత్రి పట్టింది. ఒకడు కోడ్ రాస్తాడు, ఇంకొకడు బొమ్మలను కదిలిస్తాడు, నేను బొమ్మలు గీస్తాను. చరిత్రలోంచి, పురాణాల్లోంచి వీరులను తీసుకుని ఒక ఫైటింగ్ గేమ్ చేద్దామనుకున్నాం. ఎడమవైపు ఒకరు, కుడివైపు ఒకరు, పైన ఎవరికెంత ప్రాణం మిగిలిందో చూపే రెండు హెల్త్ బార్లు, అంతే. అర్ధరాత్రి దాటేసరికి పన్నెండు పేర్ల లిస్టు తయారైంది. కర్ణుడు, ఘటోత్కచుడు, అశ్వత్థామ, రుద్రమదేవి, ఫ్రాన్స్ వీరవనిత జోన్ ఆఫ్ ఆర్క్, జపాన్ ఖడ్గవీరుడు మియమోతో ముసాషి, గ్రీకు వీరుడు అకిలీస్, ఉత్తర ఐరోపా సముద్ర యోధుల్లోంచి ఒక వైకింగ్ ఇలా. లిస్టు రాసుకోవడంలో ఉన్న సుఖం ఆ తర్వాత ఏ పనిలోనూ దొరకలేదు.

మూడు వారాలు కూర్చుని ఎనిమిది మందిని గీశాను. నాకైతే బ్రహ్మాండంగా ఉన్నాయనిపించింది. ఫైళ్లు పంపితే మా యానిమేటర్ ఒక్కమాట కూడా అనకుండా ఆ ఎనిమిది బొమ్మల్లోనూ నిండా నలుపు పోసి, వరుస మార్చి, తిరిగి నాకే పంపాడు. "ఎవరెవరో చెప్పు" అన్నాడు. గీసినవాడిని నేనే. ఐదుగురిని పోల్చుకోలేకపోయాను. అందరూ కాళ్లు ఎడంగా పెట్టి, ఒక చెయ్యి పైకెత్తి, వెనక వస్త్రం ఎగురుతుండగా, మనిషంత కత్తి పట్టుకుని నిలబడ్డారు. మధ్యయుగాల్లో ఐరోపా సైనికులు రెండు చేతులతో వాడిన పొడుగు కత్తి కూడా కిలోన్నర అటూ ఇటూగా ఉండేది. నేను గీసినవి దూలాల్లా ఉన్నాయి. ఫాంటసీ కదా, ఉండొచ్చు. కానీ అందరి చేతిలోనూ దూలమే ఉంటే ఇక తేడా ఎక్కడ?

ఠక్కున గుర్తుపట్టగలిగింది వైకింగ్‌ను, అదీ శిరస్త్రాణం మీద కొమ్ములను బట్టి. తీరా చూస్తే వైకింగులు యుద్ధంలో కొమ్ముల టోపీలు పెట్టుకున్నారనడానికి ఆధారమే లేదు. 1876లో ఒక జర్మన్ ఒపెరా ప్రదర్శనకు కుట్టిన దుస్తుల వల్ల జనంలో ఆ బొమ్మ స్థిరపడిపోయింది. అంటే నా బొమ్మలన్నింట్లో మొదటి చూపుకే పోల్చుకోగలిగినది అబద్ధం ఒక్కటే. వైకింగ్‌ను తీసేశాం. ఆ కొమ్ముల మీద కొంచెం బెంగ మాత్రం ఉండిపోయింది.

కదలికల సంగతి ఇంకా అన్యాయం. ఒక చిన్న దెబ్బ, ఒక పెద్ద దెబ్బ, ఒక మెరుపుల దెబ్బ. కర్ణుడికి బంగారు మంట, ముసాషికి నీలం మంట. మా కోడర్ చూసి "ఇవి ఎనిమిది క్యారెక్టర్లు కాదురా, ఎనిమిది చొక్కాలు" అన్నాడు. రెండ్రోజులు వాడితో మాట్లాడలేదు.

మూడో రోజు మళ్లీ చదవడం మొదలుపెట్టాను. ఈసారి ఒక కాగితం మీద గీత గీసి, ఎడమవైపు ఒక్కో వీరుడూ ఏం చేశాడో రాశాను. ఎనిమిది మందికీ దాదాపు ఒకటే వచ్చింది: బాగా పోరాడాడు, చాలామందిని గెలిచాడు. విసుగొచ్చి కుడివైపు ఎవరు ఏం చేయలేకపోయారో, ఏం చేయనన్నారో, ఏం పోగొట్టుకున్నారో రాయడం మొదలుపెట్టాను. అక్కడ ఏ ఇద్దరూ కలవలేదు. అప్పటి నుంచి ఎడమ సగం వైపు చూడటం మానేశాను.

కర్ణుడి గడి ఆ కాగితంలో పట్టలేదు. పుట్టుకతో వచ్చిన కవచకుండలాలను ఇంద్రుడు అడిగితే ఒంటి నుంచి కోసి ఇచ్చాడు. బదులుగా వచ్చిన శక్తి అనే ఆయుధం ఒక్కసారే పనిచేస్తుంది, అది కూడా అర్జునుడి కోసం దాచుకుంటే రాత్రి యుద్ధంలో ఘటోత్కచుడి మీద ఖర్చయిపోయింది. అవసరమైనప్పుడు అస్త్రం గుర్తురాదని పరశురాముడి శాపం, రథచక్రం భూమిలో దిగబడుతుందని బ్రాహ్మణుడి శాపం, అర్జునుణ్ని తప్ప మిగతా పాండవులను చంపనని కుంతికిచ్చిన మాట. ఇవి చాలవన్నట్టు రథం తోలుతూనే దెప్పిపొడిచే శల్యుడు. చిన్నప్పటి నుంచి తెలిసిన కథే. గేమ్ డిజైన్ కళ్లతో చూసినప్పుడు మాత్రం నిజంగా ఒళ్లు గగుర్పొడిచింది. వరాలు తక్కువ, షరతులు ఎక్కువ.

అన్నీ పెట్టేశాను. కవచం ఉన్నంతసేపు తగిలే దెబ్బ సగమే. కావాలనుకున్నప్పుడు దాన్ని వదిలేస్తే ఒకే ఒక్క శక్తి దొరుకుతుంది. చివరి రౌండ్‌లో హెల్త్ బాగా తగ్గాక బ్రహ్మాస్త్రం బటన్లు పనిచేయవు, అది పరశురాముడి శాపం. కాసేపటికి కాళ్లు కూడా ఆగిపోతాయి, అది చక్రం. తెలిసినవాళ్లు ఆరుగురిని పిలిచి ఆడించాం. నేను వెనక నిలబడి, ఆ విషాదం అర్థమై వాళ్లు నిట్టూరుస్తారని ఎదురుచూస్తున్నాను. మొదటివాడు బటన్‌ను నాలుగుసార్లు గట్టిగా నొక్కి, వెనక్కి తిరిగి, "అన్నా, కంట్రోలర్ పోయినట్టుంది" అన్నాడు. రెండోవాడు బగ్ అన్నాడు. మూడో అమ్మాయి మర్యాదగా "ఈ క్యారెక్టర్ ఇంకా పూర్తవలేదు కదా?" అని అడిగింది.

తప్పు వాళ్లది కాదని ఒప్పుకోవడానికి నాకు వారం పట్టింది. భారతంలో కర్ణుడి చేతులు కట్టేసినట్టున్నా, కవచం ఇవ్వడం ఆయన నిర్ణయమే, మాట ఇవ్వడమూ ఆయన నిర్ణయమే. వచ్చింది ఇంద్రుడని సూర్యుడు ముందే హెచ్చరించాడు, అయినా ఇచ్చాడు. నేను ఆ తెలిసి ఇవ్వడాన్ని వదిలేసి, శాపాలను మాత్రమే ఆటగాడి నెత్తిన రుద్దాను. అందుకని పరశురాముడి శాపం మొత్తం కొట్టేశాను. చక్రాన్ని తెర కింద అందరికీ కనబడేలా పెట్టాం. కర్ణుడు పెద్ద దెబ్బ కొట్టిన ప్రతిసారీ అది కొంచెం దిగుతుంది. పూర్తిగా దిగితే కదల్లేడు, నిలబడి కొట్టగలడు అంతే. ఎంత దింపుకోవాలో ఆటగాడి ఇష్టం. ఈసారి అదే మొదటివాడు చక్రం ముప్పాతిక దిగాక కవచం వదిలేసి, శక్తిని దాచుకుని దాచుకుని, చివరికి కంగారులో తప్పు సమయంలో వేసి ఓడిపోయాడు. "ఛ, అనవసరంగా వాడేశా" అన్నాడు. నాకు కావలసింది సరిగ్గా అదే మాట.

ఘటోత్కచుడు మాత్రం నన్ను కష్టపెట్టలేదు. రాత్రిపూట రాక్షసుల బలం పెరుగుతుంది కాబట్టి రౌండ్ సాగేకొద్దీ తెర చీకటి పడుతుంది, వాడి దెబ్బ బరువెక్కుతుంది. చచ్చిపోయేటప్పుడు ఒళ్లు పెంచి కౌరవసేన మీద పడి ఒక అక్షౌహిణిని నలిపేశాడు కదా, దాన్నీ పెట్టాం. ఓడిపోయే క్షణంలో ముందుకో వెనక్కో ఎటు పడాలో ఎంచుకోవచ్చు, అవతలివాడు కింద ఉంటే ఇద్దరూ పోతారు. మొదట్లో దిక్కు ఎంచుకోనక్కర్లేకుండా చేస్తే అందరూ పరుగెత్తుకెళ్లి కావాలని చచ్చిపోవడం మొదలుపెట్టారు. వీడితో ఓడినవాళ్లు కూడా నవ్వేవాళ్లు.

అకిలీస్‌ను నేను చెడగొట్టాను. ఒంట్లో దెబ్బ పనిచేసేది మడమ మీద ఒక్కటేనని కథ కాబట్టి, అక్కడ చిన్న చోటు పెట్టి, తగిలితే ఐదింతల దెబ్బ అన్నాను. ఇక చూడండి, అందరూ వంగి కాళ్ల మీద తన్నడమే. పైగా చదివితే తెలిసింది, ప్రాచీన గ్రీకు కవి హోమర్ ఇలియడ్‌లో ఆ మడమ కథే లేదు. అక్కడ అకిలీస్‌కు మామూలు మనిషిలా గాయం అవుతుంది, రక్తం వస్తుంది. ఒళ్లు గాయపడకుండా తల్లి పసివాణ్ని నీళ్లలో ముంచిన కథ మనకు దొరికేది ఎంతో తర్వాత, క్రీస్తు శకం మొదటి శతాబ్దపు రోమన్ కవి స్టేషియస్ దగ్గర. హోమర్‌లో ఆయన చేసిన అసలు పని అలిగి గుడారంలో కూర్చోవడం. తన్నులాటలో అలకను ఎలా పెట్టాలో తోచక ఆయన్నీ పక్కన పెట్టాం.

జోన్ దగ్గర వేరే రకం చిక్కు వచ్చింది. నా మొదటి బొమ్మలో ఆమె కత్తి దూసి అరుస్తూ ఉంటుంది. కానీ 1431 నాటి విచారణలో ఆమె చెప్పిన జవాబులు రికార్డయి ఉన్నాయి. కత్తి కంటే జెండా అంటే నలభై రెట్లు ఎక్కువ ఇష్టమని, ఎవర్నీ చంపకూడదనే దాడిలో జెండాను తానే పట్టుకునేదాన్నని, ఎప్పుడూ ఎవర్నీ చంపలేదని చెప్పింది. 1429లో ఓర్లియాన్ దగ్గర మెడకూ భుజానికీ మధ్య బాణం దిగినా ఆ రోజే తిరిగి పోరులోకి వచ్చింది. కాల్చి చంపేనాటికి ఆమెకు దాదాపు పందొమ్మిదేళ్లు. ఎవర్నీ చంపని మనిషిని ఫైటింగ్ గేమ్‌లో ఎలా పెడతాం? మా కోడర్ తీసేద్దామన్నాడు. నేను పట్టుబట్టాను. చివరికి ఆమె దెబ్బలు హెల్త్ తగ్గించవు, అవతలివాణ్ని వెనక్కి నెడతాయి. జెండాను నేలలో పాతిన చోటు ఆమెది, అక్కడ నిలబడితే కోలుకుంటుంది. తెర అంచుదాకా నెట్టుకుంటూ వెళ్లి బయటికి తోసేస్తే గెలుపు. నల్లరంగు పరీక్షలో కూడా ఒక నిలువు కర్ర, దాని మీద ఎగిరే గుడ్డ, కింద చిన్న మనిషి, గదిలో ఆ చివర నుంచి చూసినా తెలిసిపోతుంది.

ముసాషి గురించి ఎక్కువ చెప్పను. 1612లో సాసాకి కొజిరోతో జరిగిన ద్వంద్వయుద్ధానికి ఆయన కావాలనే ఆలస్యంగా వెళ్లాడని, తెడ్డును చెక్కి చేసిన కర్రకత్తితో గెలిచాడని చెప్పుకుంటారు. సరే, కదలకుండా ఉంటే అవతలివాడి ఓపిక తరిగేలా చేశాను. టెస్టింగ్‌లో ముసాషిని ముసాషి మీదే దింపితే, ఇద్దరూ తొంభై సెకన్లు అలాగే నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు. తెడ్డు ఉంచి ఆలస్యం తీసేశాం.

అన్నింటికన్నా ఎక్కువసార్లు గీసింది రుద్రమదేవిని. పదకొండు స్కెచ్‌లు. అన్నింట్లోనూ పాతికేళ్ల అమ్మాయి, గుర్రం, గాలికి జుట్టు. ఏదో నప్పడం లేదని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. ఆమె గడిలో "తన పేరుతో పాలించలేకపోయింది" అని రాసుకున్నాను, ఎందుకంటే శాసనాల్లో ఆమె రుద్రదేవ మహారాజు. మార్కో పోలో కూడా ఈ రాజ్యాన్ని రాణి ఏలుతోందని రాస్తూ, చనిపోయిన రాజుకు ఆమెను భార్యను చేసేశాడు. నిజానికి గణపతిదేవుడి కూతురు. ఈ ఆలోచనతో రెండు భంగిమలు పెట్టాం, ఒకటి సింహాసనం మీది రాజుది, ఒకటి రణంలోది. బాగానే ఉంది, అయినా బొమ్మ పలకడం లేదు.

అప్పుడు చందుపట్ల శాసనం గురించి మరోసారి చదువుతుంటే అంకెలు కళ్లకు కట్టాయి. 1289. ఆమె, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివసాయుజ్యం పొందారని, వాళ్ల పుణ్యం కోసం ఇచ్చిన దానం అది. ఎలా పోయారో శాసనం చెప్పదు. సామంతుడు కాయస్థ అంబదేవుడి తిరుగుబాటును అణచే యుద్ధంలోనేనని చరిత్రకారులు అనుకుంటారు. అప్పటికి ఆమె ఇరవయ్యేడేళ్లుగా ఏలుతోంది. కూతురి కొడుకు ప్రతాపరుద్రుడు గద్దె ఎక్కడానికి సిద్ధంగా ఉన్నాడు. అంటే ఆ చివరి యుద్ధానికి వెళ్లింది అమ్మమ్మ! నేను పదకొండుసార్లు గీసింది వేరే ఎవరినో.

పన్నెండో స్కెచ్ అరగంటలో వచ్చేసింది. నెరిసిన జుట్టు బిగించి ముడి, కుదురుగా నిలబడటం, డాలు ఒంటికి దగ్గరగా, చిన్న బాకు. రాయగజకేసరి అనే బిరుదును బట్టి భుజం మీద సింహం తల. కదలికలు కూడా వయసును బట్టి మార్చాం. మా గేమ్‌లో తెర మీద బొమ్మ సెకనుకు అరవైసార్లు మారుతుంది, ఒక్కో బొమ్మను ఫ్రేమ్ అంటాం. ఏ దెబ్బకైనా మూడు ముక్కలుంటాయి: చెయ్యి లేవడం, దెబ్బ తగలడం, చెయ్యి మళ్లీ యథాస్థానానికి రావడం. కుర్రవాళ్లకు ఆ మూడో ముక్క ఇరవై ఫ్రేములు పెడితే ఆమెకు తొమ్మిదే పెట్టాం. నడక అందరికన్నా నిదానం, ఎగరడం లేదు, కానీ ఒక్క కదలిక కూడా వృథా పోదు. మా యానిమేటర్ మొదటిసారి కదిలించి చూపించినప్పుడు ముగ్గురం కాసేపు ఏమీ అనలేదు. తర్వాత కోడర్ "ఈమెతో నేను ఆడను, భయమేస్తోంది" అన్నాడు.

అసలు పేర్లు పెట్టాలా వద్దా అని గట్టి గొడవే జరిగింది. కొందరిని జనం కొలుస్తారు, కొందరు నిజంగా బతికిన మనుషులు. వాళ్లు తన్నులు తిని నేల మీద పడటం మనకు సరదా కావచ్చు, చూసేవాళ్లకు కాకపోవచ్చు. చివరికి అందరికీ కొత్త పేర్లు పెట్టి, కొత్త లోకం కల్పించాం. ప్రేరణ ఎవరో లోపల ఒక పేజీలో రాశాం. దాంతో ఇంకో మేలు జరిగింది: తోచిన మార్పు చేసే స్వేచ్ఛ వచ్చింది. మాలో మేము మాత్రం ఇప్పటికీ చక్రం, కొండ, జెండా పిల్ల, తెడ్డు, అమ్మమ్మ అనే పిలుచుకుంటాం.

పన్నెండు పేర్లలో ఐదు మిగిలాయి. ఆరోది అశ్వత్థామ, ఏడాదిగా నా ఫోల్డర్‌లో పడి ఉంది. నుదుటి మణి పోయింది, మూడు వేల ఏళ్లు ఒంటరిగా తిరగమని శాపం ఉంది, చావు లేదు. చావు లేనివాడికి హెల్త్ బార్ ఏమిటి? బార్ తీసేసి చూశాం, ఆట ముగియదు. పెట్టి చూశాం, వాడు అందరిలాగే కిందపడతాడు. నిన్న ఫోన్‌లో యానిమేటర్ అన్నాడు, "ఒరే, వాడు ఓడిపోయాక పడిపోకుండా, అలా వెనక్కి తిరిగి నడుచుకుంటూ తెర బయటికి వెళ్లిపోతే? గెలిచినవాడు నిలబడి చూస్తూ ఉంటాడు." ఫోన్ పెట్టేసి పెన్ తీసుకున్నాను. ముందు ఆ వీపు గీయాలి.