వాక్యూమ్‌కి జలుబు చేసింది

మా ఇంట్లో శనివారం పొద్దున వాక్యూమ్ చేసే పని మా పెద్దాడిది. పదేళ్ళు వాడికి. మొన్న మొదలుపెట్టి అయిదు నిమిషాలు కూడా కాలేదు, వచ్చి "అమ్మా, వాక్యూమ్‌కి జలుబు చేసింది" అన్నాడు. పని తప్పించుకోడానికి కొత్త వేషం అనుకున్నా. వెళ్ళి చూస్తే కార్పెట్ మీద కాగితం ముక్కలు ఎక్కడివక్కడే ఉన్నాయి, మెషిన్ మాత్రం ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తోంది. వాడు చెప్పాలనుకున్నది "పీల్చట్లేదు" అని. ఆ మాట వాడికి చప్పున అందలేదు. జలుబు చేసినప్పుడల్లా "ఎగపీల్చకు, చీదు" అని వెంటపడతాను కదా, పీల్చడం అంటే వాడికి తెలిసిన సందర్భం అదొక్కటే, అందులోంచి లాక్కొచ్చాడు.

నవ్వేశాను గానీ తర్వాత కాస్త గుచ్చుకుంది. మేం ఇంట్లో తెలుగే మాట్లాడతాం అని పదిమందికి చెప్పుకుంటాను. ఏం మాట్లాడతాం? లే, తిను, త్వరగా, చెప్పులు విప్పు, ఫోన్ పక్కన పెట్టు. మా పిల్లల తెలుగంతా ఆజ్ఞల తెలుగు. ఒక వస్తువు ఎలా పనిచేస్తుంది, ఎందుకు ఆగిపోయింది అనే సంగతి వచ్చేసరికి ఇంగ్లీషులోకి దూకేసేది నేనే, అదీ వాడికి అర్థం కావాలని కాదు, నాకు తొందర.

మా ఆయన అప్పటికే కొత్తది చూద్దామని ఫోన్ తీశారు. ఆగండి అన్నాను. పాత దుప్పటి పరిచి మెషిన్‌ని దాని మీద పడుకోబెట్టాం. ముందు ప్లగ్ తీయించాను. స్విచ్ ఆపితే చాలదు, పిల్లలు చెయ్యి పెట్టేది తిరిగే బ్రష్ దగ్గర, కాబట్టి వైరు గోడలోంచి బయటికొచ్చి కళ్ళ ముందు ఉండాల్సిందే.

డబ్బా నిండలేదు, దుమ్ము గీత కిందే ఉంది. కానీ డబ్బా లోపల జల్లెడలాంటి గొట్టం ఒకటి ఉంటుంది చూడండి, దాని కన్నాలన్నీ నూగుతో మూసుకుపోయి బూడిదరంగు చొక్కా తొడుక్కున్నట్టుంది. సంచి ఉండే మోడళ్ళలో కూడా ఇదే తంతు, సంచి సగమే నిండినా సన్నటి పొడి దాని గుడ్డకి పట్టేస్తే గాలి దాటదు. తర్వాత మోటారు ముందుండే స్పాంజి ఫిల్టర్ తీశాం. అది తెల్లగా ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. సబ్బు లేకుండా చన్నీళ్ళ కింద పెట్టి పిండుతుంటే మొదటి నాలుగు సార్లు బురద వచ్చింది, ఏడో సారికి నీళ్ళు తేటపడ్డాయి. "తేట" అంటే ఏంటని అడిగాడు, సింక్‌లోకి చూపించాను.

వెనక ఇంకొకటి, మడతలు మడతలుగా ఉండే హెపా ఫిల్టర్. అమెరికా లెక్క ప్రకారం 0.3 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల్లో 99.97 శాతాన్ని ఆపితేనే దాన్ని హెపా అంటారు. మావాడు అదీ కడిగేస్తానన్నాడు. మా మెషిన్‌లో అది కడిగేది కాదు, మార్చేది, మాన్యువల్‌లో రాసే ఉంది. కొన్నిటిలో కడగొచ్చు. అందుకే చూసుకోకుండా నీళ్ళలో ముంచకూడదు.

స్పాంజి పూర్తిగా ఆరాలి, కనీసం ఒక రోజు. హెయిర్ డ్రయ్యర్ పెడదామన్నాడు, వద్దన్నాను. ఫిల్టర్ లేకుండానే ఒక్కసారి నడుపుదామన్నాడు, అది ఇంకా వద్దు, దుమ్మంతా నేరుగా మోటారులోకి పోతుంది. సరే, ఆదివారం దాకా ఆగడం అనే శిక్ష ఇద్దరికీ పడింది.

ఆగే లోపల బ్రష్ సంగతి చూశాం. అసలు పని అక్కడే బాగా సాగింది. రోలర్‌కి నా జుట్టు, మా పాప జుట్టు, ఎక్కడిదో ఊలు దారం, అన్నీ కలిసి తాడులా పేనుకుని ఉన్నాయి. కత్తెర మొన రోలర్ గాడిలో పెట్టి చివరి దాకా కత్తిరిస్తే చిక్కు మొత్తం తొక్క ఒలిచినట్టు వచ్చేసింది. వాడు దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని "చిక్కు" అని రెండుసార్లు అనుకున్నాడు. జుట్టు దువ్వేటప్పుడు చెల్లి అరిచే మాట ఇదే అని అప్పుడు తట్టిందట. ఆ పక్కన రబ్బరు బెల్టు వేలితో లాగి చూశాం, వదులుగా లేదు, పగుళ్ళు లేవు. బెల్టు తెగితే బ్రష్ తిరగదు, గాలి బాగానే లాగుతున్నా కార్పెట్‌లో దుమ్ము లేవదు, మనమేమో పీల్చట్లేదు అనుకుంటాం. వదులు, బిగుతు, పగులు, గాడి, సందు... ఫిల్టర్‌కి తెలుగు మాట కనిపెట్టి నేర్పే ఓపిక నాకు లేదు, ఫిల్టర్ ఫిల్టరే. కానీ ఈ మాటలున్నాయే, వీటికి ఇంగ్లీషు అవసరమే రాలేదు, చేతిలో వస్తువు ఉంటే అర్థం కూడా చెప్పక్కర్లేదు.

పొడుగు గొట్టం రెండు చివర్లా ఊడదీసి పై నుంచి ఒక నాణెం వేశాం. టంగుమని కింద పడింది, అంటే గొట్టంలో అడ్డం లేదు. హ్యాండిల్ మీద చిన్న తలుపులాంటిది ఉంటుంది, కర్టెన్లు శుభ్రం చేసేటప్పుడు గుడ్డ లోపలికి పోకుండా ఊపు తగ్గించడానికి. అది తెరిచి మర్చిపోయేవాళ్ళున్నారు, గాలంతా అక్కడి నుంచే పోతుంది. మాది మూసే ఉంది.

సాయంత్రం మావాడు ఈ మెషిన్ కథ చదువుకొచ్చాడు. అమెరికాలో జేమ్స్ స్పాంగ్లర్ అని ఒకాయన, దుకాణంలో ఊడ్చే పని, ఆస్తమా. ఆ దుమ్ము పడలేక ఫ్యాన్ మోటారు, చీపురు కర్ర, పిల్లో కవరు కలిపి ఇలాంటిది చేశాడు, 1908లో పేటెంట్ వచ్చింది. "పిల్లో కవర్‌ని తెలుగులో ఏమంటారు?" అన్నాడు. నాకు రాలేదు! మా అమ్మ రోజూ అనే మాట, ఎంత తన్నుకున్నా రాలేదు. రాత్రి పక్క సర్దుతుంటే ఉన్నట్టుండి వచ్చింది, గలీబు. వెళ్ళి చెప్దామంటే వాడు నిద్రపోయాడు.

ఆదివారం ఫిల్టర్ పెట్టి నడిపాం. కాస్త మెరుగే, కానీ ఇంకా కీచుమంటోంది. అప్పుడే మా నాన్న వీడియో కాల్ చేశారు. ఆయన జన్మలో వాక్యూమ్ పట్టుకోలేదు, కానీ నీళ్ళ మోటార్లతో జీవితమంతా కుస్తీ పట్టిన మనిషి. "ఏరా చిన్నా, మోత ఎలా ఉంది? లావుగానా, సన్నగానా?" అన్నారు. మావాడు నా వైపు చూశాడు. లావు సన్నం అంటే మనుషుల సంగతి కదా వాడికి. నోటితో చేసి చూపించు అన్నాను. ఇంతకుముందు "ఊ" అనేది, ఇప్పుడు "ఈ" అంటోంది అని చేసి చూపించాడు. "అయితే ఎక్కడో దారి మూసుకుపోయిందిరా, ఇంకా వెతకండి" అన్నారు ఆయన.

ఆ మాట నూటికి నూరుపాళ్ళూ నిజం. మోటారు ఫ్యాన్ లోపలి గాలిని వెనక్కి తోసేస్తుంటే లోపల పీడనం తగ్గుతుంది, బయటి గాలి దూసుకొస్తూ దుమ్ముని వెంట తెస్తుంది. (అంటే బయటి గాలే తోస్తోంది, మెషిన్ ఏమీ పీల్చట్లేదు. "మరి పీల్చట్లేదు అనాలని నాకెందుకు నేర్పావు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు.) దారి మూసుకుపోతే ఫ్యాన్‌కి తోయడానికి గాలి సరిగా అందదు, భారం తగ్గి మోటారు ఇంకా జోరుగా తిరుగుతుంది, అందుకే ఆ కీచుగొంతు. పైగా చాలా మెషిన్లలో మోటారుని చల్లబరిచేది కూడా ఆ గాలే. కిందటి వారం నడుస్తూ నడుస్తూ దానంతటదే ఆగిపోయి, కాసేపయ్యాక మళ్ళీ మామూలుగా తిరిగింది. వేడెక్కితే ఆపేసే స్విచ్ లోపల ఉంటుంది, అది ఆపింది. కరెంటు ప్లగ్గులో ఏదో తేడా ఉందని మేం తేలిగ్గా తీసుకున్నాం.

ఇక మిగిలింది ఒకటే పరీక్ష. పొడుగు గొట్టం చివర అరచెయ్యి పెట్టమన్నాను, గట్టిగా లాగింది. గొట్టం తిరిగి బిగించి నిలబెట్టి నేల మీద నడిపితే లాగట్లేదు. పైదారి బాగుంది, కిందిదారి బాలేదు, అంటే అడ్డం బ్రష్‌కీ డబ్బాకీ మధ్యలో ఎక్కడో ఉండాలి. ఇది వాడే చెప్పాడు, "పైన ఓకే, కింద ఇరుక్కుంది" అని. ఇరుక్కుంది! నేను నేర్పిన గుర్తు లేదు, ఎక్కడ పట్టాడో.

మళ్ళీ ప్లగ్ తీశాం. వెనక కిందవైపు జానెడు గొట్టం ఒకటుంది, మెషిన్ వంచినప్పుడల్లా వంగేది, ఇన్నేళ్ళలో అలాంటిదొకటి ఉందనే నేను గమనించలేదు. ఒక చివర ఊడదీసి టార్చి వేస్తే అవతల వెలుగు రాలేదు. ఇనప తీగతో పొడిస్తే గొట్టానికి చిల్లు పడుతుంది, అందుకని మొండి కర్ర పెట్టి మెల్లగా తోశాడు. ముందు వెంట్రుకల ఉండ, దాని వెనక పెన్సిల్ ముక్క, ఆ వెనక గులాబీరంగు ముద్ద ఒకటి. చెల్లి బొమ్మ మేజోడు. పాప అది చూసి ఇల్లు పీకి పందిరేసింది, రెండు నెలలుగా వెతుకుతోందట, అన్నయ్యే దాచాడని నా దగ్గర కేసు కూడా ఉంది. వాడు తల ఎగరేసి "నేను కాదని చెప్పానా" అని ఇంగ్లీషులో మొదలుపెట్టి, వీడియోలో తాతయ్య ఉన్నారని గుర్తొచ్చి తెలుగులోకి మళ్ళాడు.

అన్నీ బిగించి స్విచ్ వేశాక కాగితం ముక్కలు ఒక్క ఊపులో పోయాయి. ఫోన్‌ని మెషిన్ దగ్గర పెట్టి, "తాతయ్యా, మోత లావుగా ఉంది, విను" అని అరిచాడు. ఆయనకి ఆ గోలలో ఏమీ వినపడలేదు, అయినా తల ఊపారు. పాప మాత్రం మేజోడు పట్టుకుని మెషిన్ చుట్టూ తిరుగుతూనే ఉంది, రెండోది కూడా అందులోనే ఉందట, మళ్ళీ విప్పమంటోంది.