పోగు పక్కన పోగు: విరిగిన గాలం రాడ్‌ను బాగుచేసుకున్న నా అనుభవం

పోయిన ఏడాది ఎండాకాలంలో పరకాల దగ్గర మా అత్తగారి ఊరి చెరువు కట్ట మీద నా ఫిషింగ్ రాడ్ విరిగింది. మూడు కిలోలకు తక్కువ లేని బొచ్చె పడింది. చాలాసేపు అది లాగుతుంటే వదులుతూ, ఆగినప్పుడు చుట్టుకుంటూ ఒడ్డు దాకా తెచ్చాను. తీరా చేప నా కాళ్ళ దగ్గరికి వచ్చాక ఆగలేక రాడ్‌ను నిట్టనిలువుగా పైకెత్తాను. టప్‌మంది. చేపను మా బావమరిది చేతివలతో ఎత్తేశాడు కానీ నా చేతిలో ఒక ముక్క, లైన్‌కి వేలాడుతూ ఇంకో ముక్క మిగిలాయి.

తప్పు నాదే. రాడ్‌ను ఏటవాలుగా పట్టుకుంటే మొదటి నుంచి చివరి దాకా విల్లులా వంగి బరువంతా పంచుకుంటుంది. చేప కాళ్ళ కింద ఉన్నప్పుడు నిలువుగా ఎత్తితే బరువంతా పుల్లలా సన్నగా ఉండే కొస మీదే పడుతుంది. గాలం వేసేవాళ్ళ రాడ్లు ఎక్కువగా విరిగేది పెద్ద చేపకు కాదు, ఇదిగో ఈ చివరి క్షణపు తొందరకే.

అది 8 అడుగుల కార్బన్ రాడ్, రెండు ముక్కలుగా విడదీసి పట్టుకెళ్ళేది. పెళ్ళయిన కొత్తలో మా ఆవిడ కొనిచ్చింది. కొస నుంచి రెండు అడుగుల కింద విరిగింది. ఒక షాపులో చూపిస్తే "ఇవి రిపేర్ కావన్నా, కొత్తది తీసుకో" అన్నారు. నాకు మనసొప్పలేదు. తెచ్చి ఇంట్లో ముందు గదిలో పెట్టాను.

ఆ గది గురించి చెప్పాలి. మాది వరంగల్‌లో కొత్తవాడ. మా బాపు నలభై ఏళ్ళు దర్రీలు, అంటే జంపఖానాలు, నేశాడు. వరంగల్ దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్నారు కానీ, అప్పటికే మా మగ్గం తీసేశాం. మగ్గం ఉన్న గదిలో ఇప్పుడు నా టేబుల్ ఉంది. బాపు పొద్దున టీ తాగి అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు, అలవాటు పోలేదు.

విరిగిన చోట కార్బన్ పోగులు చీపురులా విచ్చుకున్నాయి. దాన్ని కోసి శుభ్రం చేసేముందు చేయాల్సిన పని ఒకటుంది: రెండు ముక్కలనూ విరిగినట్టే ఎదురెదురుగా ఆనించి, పొడవునా తెల్ల పెన్సిల్‌తో ఒక గీత గీసుకోవాలి. ఈ రాడ్ల గొట్టాన్ని బ్లాంక్ అంటారు. కార్బన్ బట్టను సన్నగా సాగిన ఉక్కు కడ్డీ చుట్టూ చాపలా చుట్టి, వేడిలో గట్టిపరిచి, కడ్డీని బయటికి లాగేస్తే బ్లాంక్ వస్తుంది. చుట్టలో బట్ట అంచు మీద అంచు పడే వైపు కొంచెం మందంగా ఉంటుంది, అటు కొంచెం బిగువు. దాన్నే స్పైన్ అంటారు. అతికేటప్పుడు ఆ వరస తప్పితే రాడ్ ఒక పక్కకు తిరగాలని చూస్తుంది. ఈ మాట చెప్తే బాపు కార్బన్ ముక్కను వెలుతురుకు పెట్టి చూసి "ఇది కూడా నేసిన బట్టనేనా" అని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

కోసేందుకు రంపం వాడలేదు. గొట్టం చీలిపోతుంది. మాస్కింగ్ టేప్ గట్టిగా చుట్టి, టేప్ అంచున సన్నటి ఆకురాయితో చుట్టూ గాడి పెడుతూ పోతే దానంతట అదే తెగింది. ముక్కుకు మాస్క్ తప్పనిసరి. ఆకురాయిని తడిపి రాయడం ఇంకా మంచిది, కార్బన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, చర్మానికి తగిలినా రెండు రోజులు గిచ్చుతూనే ఉంటుంది.

లోపల పెట్టడానికి పిల్లలు విరగ్గొట్టిన చవక ఫైబర్‌గ్లాస్ రాడ్ కొస దొరికింది. అది లోపల డొల్ల లేని గట్టి పుల్ల. మూడు అంగుళాలు కోసి, గరుకు కాగితంతో రుద్ది, అటు అంగుళంన్నర ఇటు అంగుళంన్నర బిగుతుగా దిగేలా చేశాను. దాని రెండు కొసలనూ పెన్సిల్ ములికిలా కాకపోయినా బాగా సన్నబరచాలి. మొద్దుగా వదిలేస్తే పుల్ల ఉన్నంత మేర రాడ్ వంగదు, పుల్ల ఎక్కడ ఆగిపోతుందో సరిగ్గా అక్కడ మళ్ళీ విరుగుతుంది. స్పిరిట్‌తో తుడిచి, నిదానంగా గట్టిపడే ఎపాక్సీ జిగురు పూసి, పెన్సిల్ గీతలు కలిసేలా నొక్కి, ఒక రాత్రంతా కదలకుండా వదిలేశాను. ఐదు నిమిషాల్లో పట్టేసే రకం ఎపాక్సీ ఈ పనికి వద్దు. సరిచూసుకునేంత టైమ్ ఇవ్వదు.

లోపల పుల్ల ఒక్కటే చాలదు. అతుకు మీద దారం చుట్టాలి, దాని మీద మెరిసే ఎపాక్సీ పూత వేయాలి. అసలు పని అక్కడే మొదలైంది.

వరంగల్ చౌరస్తాలో టైలరింగ్ సామాన్ల షాపు నుంచి ఎర్ర పాలిస్టర్ దారం తెచ్చి చుట్టడం మొదలుపెట్టాను. గంట కష్టపడి రెండు అంగుళాలు చుట్టాను. బాపు కుర్చీలోంచే చూస్తున్నాడు. చివరికి లేచొచ్చి దారాన్ని గోటి మీద లాగి చూశాడు.

"ఇది నూగు దారం రా బిడ్డా. మీద ఏం పూసినా ముండ్లు లేస్తయ్."

నాకు అర్థం కాలేదు. కిటికీ దగ్గర వెలుతురుకు అడ్డంగా పట్టి చూపించాడు. నిజమే, దారం పొడవునా సన్నటి నూగు లేచి ఉంది. పొట్టి పోగులను కలిపి వడికిన దారం అది. రాడ్లకు కావాల్సింది తెగకుండా సాగే ఒకే పొడవు పోగుల దారం. నైలాన్‌లో రాడ్ల కోసమే చేసిన దారం ఉంటుంది, 'ఎ' సైజు సన్నది, 'డి' సైజు లావుది. అది ఆన్‌లైన్‌లో రావడానికి వారం పట్టింది. ఈలోపు బాపు మాట మీద మెషిన్ ఎంబ్రాయిడరీకి వాడే నిగనిగలాడే పాలిస్టర్ దారంతో చుట్టి చూశాను. నూగు లేదు, ముండ్లు లేవలేదు. ఇప్పటికీ చిన్న పనులకు అదే వాడుతున్నాను.

చుట్టే తీరు వినడానికి సులువు. దారం కొసను రాడ్ మీద పడుకోబెట్టి దాని మీద నుంచే ఆరేడు చుట్లు వేస్తే అది బిగుసుకుంటుంది. మిగిలిన కొసను బ్లేడుతో తీసేసి, అక్కడి నుంచి రాడ్‌ను తిప్పుతూ పోవాలి. ఇంకో ఆరేడు చుట్లు ఉన్నాయనగా మడిచిన విడి దారం ఒకటి పెట్టి, దాని మీద నుంచి చుట్టాలి. చివరి కొసను ఆ మడతలో దూర్చి లాగితే చుట్ల కిందికి వెళ్ళిపోతుంది. ముడి అనేదే ఉండదు.

కష్టమంతా బిగువులో ఉంది. ఎక్కువైతే పలచటి గొట్టం నలుగుతుంది, గైడ్ (లైన్ వెళ్ళే రింగు) కాలు పక్కకు జరపడానికి వీలుండదు. తక్కువైతే చుట్ల మధ్య సందులు వస్తాయి. నేను దారపు ఉండను గ్లాసులో వేసి, దారాన్ని లావు పుస్తకం పేజీల మధ్య నుంచి లాగుతూ మీద బరువు పెట్టాను. బాపు ఆ పుస్తకం తీసి పక్కన పెట్టాడు. దారాన్ని తన బొటనవేలు, చూపుడు వేలు మధ్య నుంచి పోనిచ్చాడు. "నువ్వు తిప్పు" అన్నాడు. నేను రాడ్ తిప్పుతున్నాను, ఆయన వేళ్ళ మధ్య నుంచి దారం వస్తోంది. ఒక్క చుట్టు దగ్గర కూడా ఆగలేదు.

"పోగు పక్కన పోగు పండాలె. ఒకదాని మీద ఒకటి ఎక్కొద్దు. పడుగుల ఒక్క పోగు వదులైతె బట్టంతా ముడత పడ్తది."

నాలుగు అంగుళాలు ఇరవై నిమిషాల్లో అయిపోయింది. వేలితో రాస్తే గీత తగల్లేదు. నున్నగా, ఒక్క ముక్కలా ఉంది. ఆ చేతులు మగ్గం దిగి ఇన్నేళ్ళయినా దారం బరువును మర్చిపోలేదు. నాకు గొంతు పట్టేసింది. ఏమీ మాట్లాడకుండా తిప్పుతూ పోయాను.

రాడ్ విప్పి ఉన్నప్పుడే గైడ్లు కూడా చూసుకోవాలి. లైన్ వెళ్ళే ఈ రింగుల లోపల పింగాణీ పూస ఉంటుంది. దానికి కంటికి కనపడని పగులు వచ్చినా లైన్ తెగుతుంది. చెవి పుల్ల దూదిని రింగు లోపల చుట్టూ తిప్పితే పగులు ఉన్నచోట దూది పోగు పట్టుకుంటుంది. నాది కొస నుంచి మూడో గైడ్ పట్టుకుంది. పాత గైడ్ తీసేటప్పుడు బ్లేడు గైడ్ కాలి మీద, అంటే ఇనుము మీదే పెట్టి దారం కోయాలి. గొట్టం మీద పెడితే పడే గాటు రేపు అక్కడే విరగడానికి దారి. కొత్త గైడ్ కాలి కొసను ఆకురాయితో కత్తి అంచులా పలచన చేస్తే దారం మెట్టెక్కినట్టు కాకుండా సాఫీగా దాని మీదికి ఎక్కుతుంది.

ఇక పూత. ఇక్కడ నేను రెండుసార్లు దెబ్బతిన్నాను, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను. ఎపాక్సీలో ఉండే రెండు భాగాలు, రెజిన్, హార్డెనర్, సరిసమానంగా కలపాలి. మొదటిసారి చుక్కలు లెక్కపెట్టి కలిపాను. రెజిన్ చిక్కన, హార్డెనర్ పలచన, రెండింటి చుక్కలూ ఒక సైజులో ఉండవు. నాలుగు రోజులైనా వేలికి జిగటగా అంటుకుంది. టెన్షన్ పడి అంతా గోకేద్దామనుకున్నాను. అంత అవసరం లేదు, దాని మీదే సరైన కొలతతో ఇంకో పూత వేస్తే గట్టిపడుతుంది. ఈసారి మందుల షాపు నుంచి రెండు సిరంజిలు తెచ్చి కొలిచాను. కొలత కుదిరింది, కానీ పూత మీద చేప కళ్ళలా గుండ్రటి గుంటలు పడ్డాయి. సిరంజి లోపలి రబ్బరు జారడానికి సిలికాన్ నూనె రాస్తారు, అది కాస్త కలిసినా ఎపాక్సీ ఆ చోట పరుచుకోకుండా పక్కకు తొలగిపోతుంది. రబ్బరు లేని ప్లాస్టిక్ సిరంజిలు వాడాలి. గుంటలు పడ్డ పూతను సన్నటి గరుకు కాగితంతో రుద్ది, స్పిరిట్‌తో తుడిచి మూడో పూత వేశాను.

కలిపిన ఎపాక్సీని గిన్నెలోనే ఉంచకుండా అల్యూమినియం రేకు మీద పలచగా పోయాలి. గాలి బుడగలు పైకి వచ్చి పగిలిపోతాయి, వేడి పుట్టదు కాబట్టి తొందరగా బిగుసుకోదు కూడా. మన ఎండల్లో ఇది చాలా ముఖ్యం. మే నెల మధ్యాహ్నం బ్రష్ ముంచేలోపే చిక్కబడుతుంది. నేను రాత్రి తొమ్మిది తర్వాతే పూస్తాను.

పూశాక రాడ్ ఆగకుండా మెల్లగా తిరుగుతూ ఉండాలి, లేకపోతే పూత కిందికి జారి పొట్టలా వేలాడుతుంది. పాడైన మైక్రోవేవ్ ఓవెన్‌లో పళ్ళెం తిప్పే చిన్న మోటార్ తీసి, దానికి ప్లాస్టిక్ బాటిల్ మూత బిగించి, రబ్బరు బ్యాండ్లతో రాడ్ పట్టించాను. నిమిషానికి ఐదారు చుట్లు తిరుగుతుంది, సరిపోయింది. నేరుగా ఇంటి కరెంటుతో నడిచేది కాబట్టి వైర్లు ఎలక్ట్రీషియన్‌తోనే కట్టించాను.

మూడో పూత వేసిన రాత్రి, గంట కూడా కాకముందే కరెంటు పోయింది. గాలిదుమారం లేచింది, ఎప్పుడొస్తుందో తెలియదు. నేను మూత పట్టుకుని చేత్తో తిప్పడం మొదలుపెట్టాను. బాపు నిద్ర లేచి వచ్చాడు. ఫోన్ లైటు వెలుతురులో కాసేపు ఆయన, కాసేపు నేను. ఎపాక్సీ చిక్కబడ్డాక ఆగకుండా తిప్పే పని లేదు, కొన్ని నిమిషాలకోసారి సగం చుట్టు తిప్పితే చాలు. అలా పన్నెండున్నర దాకా కూర్చున్నాం. ఆజంజాహీ బట్టల మిల్లులో రాత్రి షిఫ్టు చేసే తాత కోసం సద్ది పట్టుకెళ్ళిన రోజులు బాపు ఆ రాత్రే చెప్పాడు. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు.

పొద్దున చూస్తే అద్దంలా ఉంది. చేతికి అంటకపోయినా లోపల గట్టిపడాలి కదా, వారం రోజులు ముట్టుకోలేదు. తర్వాత గైడ్ల గుండా లైన్ పోనిచ్చి, కొసకు లీటరు నీళ్ళ బాటిల్ కట్టి మెల్లగా ఎత్తాం. అతుకు దగ్గర రాడ్ మొద్దుబారలేదు, వంపు సాఫీగా సాగింది.

జూన్‌లో మళ్ళీ అదే చెరువుకు వెళ్ళాం. ఊరి చెరువుల్లో చేపల హక్కు మత్స్య సహకార సంఘాలది, కాబట్టి గాలం వేసే ముందు సంఘం వాళ్ళను అడగడం మర్యాదే కాదు, అవసరం కూడా. మా బావమరిది ముందే మాట్లాడి పెట్టాడు. కట్ట మీదికి పొలాల గట్ల గుండా వెళ్ళాలి. పైన కరెంటు తీగలు ఉన్నచోట రాడ్‌ను విప్పి, పడుకోబెట్టి పట్టుకెళ్ళాను. కార్బన్‌లో కరెంటు పారుతుంది, తీగకు తగిలితే ప్రాణమే పోతుంది. ఇది ఈ సరదా ఉన్న ప్రతి ఒక్కరికీ చెప్పాలనిపిస్తుంది.

ఆ రోజు రెండు రవ్వ చేపలు పడ్డాయి, పెద్దవి కావు. ఒక్కొక్కదాన్ని దగ్గరికి తెచ్చుకున్నాక రాడ్‌ను ఏటవాలుగానే ఉంచి, నేనే రెండు అడుగులు వెనక్కి వేశాను. చేప దానంతట అదే చేతివలలోకి వచ్చింది.

ఇప్పుడు టేబుల్ మీద కొత్త బ్లాంక్ ఉంది, ఏడు అడుగులది, మా బావమరిది కోసం. అడుగుకొక గైడ్, కొసకు ఇంకొకటి, మొత్తం ఎనిమిది. పిడికి ఎర్ర, నల్ల, పసుపు దారాలు తీసి పెట్టాడు బాపు. పిడి పైన దారాన్ని వాలుగా, అటొకసారి ఇటొకసారి చుట్టుకుంటూ పోతే మధ్యలో డైమండ్ ఆకారం తేలుతుంది. ఆయన పాత దర్రీ ఒకటి మడత విప్పి టేబుల్ పక్కన పరిచాడు, రంగుల వరస దాన్ని చూసే వేయాలట. రేపు ఆదివారం పొద్దున మొదలుపెడతాం.