ఆ ‘ఎస్’ ఎవరు నొక్కాలి?

విశాఖ ద్వారకానగర్‌లో రెండు మూడు ఆడిటర్ ఆఫీసుల కంప్యూటర్లు నేనే చూస్తాను. అక్కడ ఎప్పుడూ వినపడే మాట: “ఆ డబ్బా అస్తమానూ వస్తోందండీ, రాకుండా చేసేయండి.” తెర మసకబారి, ఈ ప్రోగ్రామ్ మార్పులు చేయొచ్చా అని విండోస్ అడిగే డబ్బా అది. రిటర్నుల గడువు రోజుల్లో డిజిటల్ సంతకం పెట్టే పెన్‌డ్రైవ్ లాంటి టోకెన్ పెడితే చాలు, దాని సాఫ్ట్‌వేర్ అడ్మిన్ హక్కులు, అంటే కంప్యూటర్‌లో ఏదైనా మార్చే అధికారం, అడుగుతుంది. చదవకుండానే ఎస్ నొక్కేస్తారు. గడువు టెన్షన్‌లో నేనైనా అంతే.

ఈ డబ్బా విండోస్ విస్టాతో 2007లో జనంలోకి వచ్చింది. అప్పట్లో గడియారం సరిచేసుకున్నా అడిగేది. జనాన్ని విసిగించడానికే పెట్టామని 2008లో మైక్రోసాఫ్ట్‌కు చెందిన డేవిడ్ క్రాస్ ఓ సభలో బాహాటంగానే అన్నాడు. జనం విసుక్కుంటే, అవసరం లేకపోయినా అడ్మిన్ హక్కులు అడిగే సాఫ్ట్‌వేర్లు రాసేవాళ్లు దారికొస్తారని లెక్క. చాలామంది వచ్చారు. టోకెన్ల వాళ్లకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు!

మన పోర్టులో ఒకటో నంబరు తుఫాను హెచ్చరిక ఎగరేస్తే ఎవరూ పట్టించుకోరు, పదో నంబరంటే హుద్‌హుద్ గుర్తొస్తుంది. విస్టా అన్నిటికీ ఒకే నంబరు ఎగరేసింది. 2009లో విండోస్ 7 డబ్బా ఎప్పుడెప్పుడు రావాలో ఎంచుకునే నాలుగు మెట్ల స్లైడర్ ఇచ్చి, మామూలు సెట్టింగులు మనమే మార్చుకుంటుంటే అడగడం మానేసింది. అందులో పైనుంచి మూడో మెట్టు మీద నాకు పేచీ ఉంది. అక్కడ డబ్బా వస్తుంది కానీ తెర మసకబారదు. ఆ మసక అలంకారం కాదు. అది ఉన్నంతసేపూ వేరే ప్రోగ్రామ్ ఏదీ మన బదులు ఎస్ నొక్కడం కుదరదు.

నేను చేసేది ఇదీ. స్టాఫ్‌కి మామూలు అకౌంటు, అడ్మిన్ పాస్‌వర్డ్ ఆడిటర్ గారి దగ్గర. అప్పుడు డబ్బా ఎస్ అడగదు, పాస్‌వర్డ్ అడుగుతుంది. ఇక రోజూ విసిగించే పాత సాఫ్ట్‌వేర్లు. వీటిలో చాలావాటికి కావాల్సింది విండోస్ సాఫ్ట్‌వేర్లు దాచే ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని తమ ఫోల్డర్‌లో ఏదో రాసుకోవడమే. ఆ ఒక్క ఫోల్డర్‌కు అనుమతి ఇస్తే చాలాసార్లు గొడవ వదులుతుంది. స్లైడర్ జోలికి పోనక్కర్లేదు.

ఇలా మార్చిన ఒక ఆఫీసు నుంచి కొత్తగా చేరిన కుర్రాడు ఫోన్ చేశాడు. “అన్నయ్యా, మెయిల్లో వచ్చిన ఇన్‌వాయిస్ తెరుస్తుంటే పాస్‌వర్డ్ అడుగుతోందేంటి?” పైన రంగేమిటని అడిగితే పసుపన్నాడు. అంటే ఆ ప్రోగ్రామ్ పబ్లిషర్, అంటే తయారుచేసినవాళ్లు, ఎవరో విండోస్‌కు తెలియదన్నమాట. పీడీఎఫ్ బొమ్మ తగిలించుకున్న ఈఎక్స్‌ఈ అది, అంటే కాగితం కాదు, నడిచే ప్రోగ్రామ్. రోజూ అడిగే డబ్బా అయితే వాడు నాకు ఫోన్ చేసేవాడే కాదు.

ఆ ఆఫీసు ఆడిటర్ గారి సొంత ల్యాప్‌టాప్‌లో మాత్రం స్లైడర్ ఇంకా అట్టడుగునే ఉంది, అంటే డబ్బా అసలు రాదు. “నాకు తెలీకుండా ఏం జరుగుతుందిలేవయ్యా” అంటారు. బిల్లు కట్టేది ఆయనే మరి.