రోహిణి చుట్టూ నేను కనిపెట్టిన "కొత్త" సోర్సులు

నా ఎమ్మెస్సీ ప్రాజెక్టు కేటలాగ్ నిన్నటితో గట్టెక్కింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

వినడానికి పని చిన్నదే. 2010లో వైజ్ ఉపగ్రహం ఆకాశమంతా నాలుగు పరారుణ బ్యాండ్లలో (3.4, 4.6, 12, 22 మైక్రాన్లు) ఫొటోలు తీసింది. ఆ డేటాతో చేసిన ఆల్‌వైజ్ కేటలాగ్‌లో దాదాపు 74.7 కోట్ల సోర్సులు, అంటే ఆకాశంలో వెలుగు చుక్కలుగా నమోదైనవి, ఉన్నాయి. రోహిణి నక్షత్రం చుట్టూ ఒక డిగ్రీ మేర మసక సోర్సులు ఏరమన్నారు మా సార్. డేటా ఉచితం, టాప్‌క్యాట్ సాఫ్ట్‌వేరూ ఉచితమే. విశాఖలో గాలివానకి కరెంటు పోయిన ఒక రాత్రి తప్ప ఇబ్బందేం లేదు. ల్యాబ్‌ని నమ్ముకోకండి, ఐదింటికల్లా తాళం వేసి తాళంచెవితో సహా మాయమవుతారు. నేనంతా ఎంవీపీ కాలనీ గదిలోనే చేసుకున్నా.

ప్రతి సోర్సుకీ నాలుగు అక్షరాల ఫ్లాగ్, అంటే గుర్తు, ఉంటుంది, బ్యాండుకొక అక్షరం. కొంప ముంచింది అదే. సీనియర్ అన్న ఒకాయన తన కోడ్ పెన్‌డ్రైవ్‌లో పడేసి, "అన్నీ అందులోనే ఉన్నాయిరా" అని చేతులు దులుపుకున్నాడు. వివరణ ఒక్క లైనుంటే ఒట్టు. సరే, నేనే ఊహించుకున్నా: డి అంటే డిటెక్టెడ్, 0 అంటే సున్నా మార్కులు. సున్నాలున్నవన్నీ తీసిపారేశా. మసకవే కదా కావాల్సింది అని, కేటలాగ్‌లోకి తీసుకోకుండా పక్కన పెట్టిన వాటి రిజెక్ట్ టేబుల్ కూడా కలిపేశా!

సెమినార్ రోజు స్లైడ్ మీద నా సోర్సులన్నీ రోహిణి నుంచి నాలుగు గీతలుగా బారులు తీరి ఉన్నాయి. "ఇదొక ఆసక్తికరమైన నిర్మాణం సార్" అన్నా. వెనక బెంచీలో కిసుక్కుమన్నారు. సార్ నవ్వలేదు. నవ్వినా బాగుండేది.

"డి అంటే ఏంటి నాన్నా?"

"డిటెక్టెడ్ సార్."

"డిఫ్రాక్షన్ స్పైక్."

టెలిస్కోపులో రెండో అద్దాన్ని పట్టి ఉంచే ఊచల వల్ల కాంతిగల నక్షత్రం చుట్టూ పడే చారలవి. ఆ చారల తునకల్ని కూడా సాఫ్ట్‌వేర్ సోర్సులనుకుంటుంది. ఫ్లాగ్‌లో ఇంగ్లిష్ పెద్ద (క్యాపిటల్) అక్షరమైతే ఆ సోర్సే బూటకం కావచ్చు. చిన్న అక్షరమైతే సోర్సు నిజమే, కాంతి కొలత మాత్రం కలుషితమై ఉండొచ్చు. సున్నా అంటే శుభ్రమైనది. మూడు వారాలు బియ్యం పారబోసి రాళ్లు ఏరుకున్నానన్నమాట. ఆ రోజు మెస్‌లో భోజనానికి కూడా వెళ్లలేదు.

తిరిగి చేయడానికి రెండు రాత్రులే పట్టింది. 12, 22 మైక్రాన్లలో చాలా వాటికి నాణ్యత కాలమ్‌లో యు ఉంటుంది. అక్కడున్న అంకె కొలత కాదు, గరిష్ఠ పరిమితి. దాన్ని మామూలు కొలతలా గ్రాఫ్‌లో పెట్టకూడదు. ఇది మాత్రం ఎవరూ చెప్పకుండా నేనే పట్టుకున్నా. సార్ తల కూడా ఊపారు.

వెనక బెంచీలో అందరికంటే గట్టిగా నవ్వినవాడు రాత్రి మెసేజ్ పెట్టాడు. వాడి డేటాలో హెచ్‌లు ఎక్కువున్నాయట, హై క్వాలిటీయేనా అని. హెచ్ అంటే హేలో, నక్షత్రం చుట్టూ పరుచుకునే వెలుగు. ఇంకా జవాబివ్వలేదు.