డైరీ: లాటరన్ చుట్టూ ఒక రోజు

రోములో ఈరోజు పునీత పేతురు బసిలికా వైపు వెళ్లలేదు. రోజంతా లాటరన్ బసిలికాకూ దాని చుట్టుపక్కలకే. రోము మేత్రాసన కతీడ్రల్ వాటికన్‌లో లేదు, ఇక్కడ ఉంది. రోము మేత్రాణులుగా, అంటే బిషప్‌గా, పోపుగారి పీఠం ఇక్కడే. 324లో పోపు సిల్వెస్టర్ ప్రతిష్ఠించిన దేవాలయం ఇది. ఆ ప్రతిష్ఠను ప్రతి నవంబర్ 9న మన ఊళ్ల గుళ్లలోనూ పండుగగా చేసుకుంటాం. అలాంటి చోటును టూరు బస్సు దిగి అరగంటలో ముగించడం అన్యాయం.

ముందు తలుపుల వేళలు చూసుకోవాలి, ఎటు నడవాలో అవే చెబుతాయి. లాటరన్, మరియ మజ్జోరే వంటి పెద్ద బసిలికాలు మధ్యాహ్నం మూయరు. చిన్న దేవాలయాలు చాలావరకు మూస్తారు, పవిత్ర మెట్లు కూడా మధ్యాహ్నం కొంతసేపు మూసి ఉంటాయి. అందుకని ఉదయం లాటరన్, ఎదురుగా పవిత్ర మెట్లు, పన్నెండు లోపల సాన్ క్లెమెంతె గుడి, భోజనం తర్వాత మరియ మజ్జోరే. ఈ వరస తిప్పేస్తే మిట్టమధ్యాహ్నం మూసిన తలుపు ముందు నిలబడాలి.

మెట్రో ‘A’ లైనులో సాన్ జోవాన్ని స్టేషన్ దిగి, పాత కోటగోడ ద్వారం దాటితే బసిలికా. ఉదయం ఏడింటికి తెరుస్తారు, ఆ వేళ సెక్యూరిటీ దగ్గర వరస ఉండదు. లోపలికి పోయేముందు నడిమి కంచు తలుపుల ముందు ఆగాలి. అవి ఫోరంలోని (ప్రాచీన రోము కూడలి) రోమన్ సెనేటు భవనపు తలుపులు. 17వ శతాబ్దంలో ఇక్కడికి తెచ్చినప్పుడు ఈ గుమ్మానికి చాలక చుట్టూ నక్షత్రాల అంచు అతికించారు. చూస్తే అతుకు తెలుస్తుంది. లోపలి నడవను 1650 జూబిలీ (పవిత్ర సంవత్సరం) కోసం వాస్తుశిల్పి బొర్రోమీని మళ్లీ కట్టాడు. ఆ స్తంభాల గూళ్లలో అపొస్తలుల పెద్ద పాలరాతి విగ్రహాలున్నాయి. పియేర్ లెగ్రో చెక్కిన పునీత తోమాసు చేతిలో మూలమట్టం ఉంటుంది. చెన్నై మైలాపూరులో ఆయన సమాధి దగ్గర మోకరిల్లిన తెలుగువాళ్లు ఈ విగ్రహం దగ్గర కాసేపు నిలవకుండా వెళ్లలేరు. పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) ఇక్కడే చేసుకోవడం మేలు. గురువు కూర్చునే పెట్టెమీద ఆయనకు వచ్చిన భాషలు రాసి ఉంటాయి, దీపం వెలుగుతుంటే ఆయన లోపల ఉన్నట్టు.

రోడ్డు దాటితే పవిత్ర మెట్లు, అంటే స్కాలా సాంక్తా, 28 పాలరాతి మెట్లు. పిలాతు భవనంలో ప్రభువు ఎక్కిన మెట్లు ఇవేననీ, కాన్‌స్టాంటైన్ చక్రవర్తి తల్లి పునీత హెలెనమ్మ తెచ్చిందనీ సంప్రదాయం. మోకాళ్లమీద తప్ప ఎక్కనివ్వరు. రాయి అరిగిపోతోందని 1723లో చెక్క తొడిగారు. 2019లో బాగుచేసేటప్పుడు చెక్క తీసేసి, సుమారు రెండు నెలలు యాత్రికులను రాతిమీదే ఎక్కనిచ్చారు. శతాబ్దాల మోకాళ్లు తొలిచిన గుంటలు అప్పుడు బయటపడ్డాయి. ఇప్పుడు మళ్లీ చెక్కే.

ఎక్కడం గురించి కొంచెం వివరంగా రాయాలి. మధ్యలో లేచి దిగడానికి వీలుండదు, వెనకాల మెట్టుకు నలుగురు ఉంటారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కిందే తేల్చుకుని పక్క మెట్లమీద నడిచి వెళ్లాలి, అందులో తక్కువేమీ లేదు. చీర కడితే కుచ్చిళ్లు మోకాలి కింద పడి నడుము దగ్గర ఊడి వస్తాయి. సల్వార్ సుఖం. చేతిసంచి మెడలో వేలాడితే మెట్టుకు తగులుతుంది, వీపుకు తిప్పుకోవాలి. చెక్క అంచుమీద మోకాలి చిప్ప పెట్టకూడదు, నొప్పంతా అక్కడే. లోపలికి జరిగి ఆనాలి. మెట్టుకు ఒక పరలోక జపం అనుకుంటే తొందర పుట్టదు. ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలపు శుక్రవారాల్లో భక్తితో ఎక్కి, పాపసంకీర్తనం చేసి, దివ్యసత్ప్రసాదం స్వీకరించి, పోపుగారి తలంపుల కొరకు ప్రార్థిస్తే పరిపూర్ణ దండవిముక్తి, అంటే పాపాలకు పడాల్సిన శిక్ష పూర్తిగా తొలగడం. ఆ రోజుల్లో జనం కూడా అంతే ఎక్కువ.

అక్కడినుంచి కొలొస్సియం వైపు పది పన్నెండు నిమిషాలు నడిస్తే సాన్ క్లెమెంతె. దారిలో వీధి కుళాయి కనిపిస్తే సీసా నింపుకోవాలి. కుళాయి మూతిని వేలితో మూస్తే పైనున్న చిన్న రంధ్రంలోంచి నీళ్లు ఎగజిమ్ముతాయి, వంగకుండా తాగొచ్చు.

రోమును ఒక్కచోట చూడమంటే ఈ గుడినే చూపించాలి. పైది 12వ శతాబ్దపు దేవాలయం. దానికింద 4వ శతాబ్దపు దేవాలయం. ఇంకా కింద 1వ శతాబ్దపు రోమన్ భవనాలు, వాటిలో అప్పటి రోమన్లు కొలిచిన మిత్ర (మిత్రాస్) దేవుడి పూజాగది. కొత్తది కట్టినవాళ్లు పాతదాన్ని పడగొట్టలేదు, మట్టీ రాళ్లతో నింపి దాని గోడలనే పునాదిగా వాడుకున్నారు. అందుకే కింద స్తంభాలు సగం గోడల్లో కూరుకుపోయి కనిపిస్తాయి. 1857లో డొమినికన్ గురువు జోసెఫ్ మల్లూలీ తవ్వించేదాకా అడుగున గుడి ఉందని లోకానికి తెలియదు. స్లావుల అపొస్తలుడు పునీత సిరిల్‌ను 869లో పాతిపెట్టిన చోటు కూడా కిందే. అట్టడుగున గోడవెనక నీళ్లు పారే చప్పుడు వినిపిస్తుంది. ఊట ఎక్కువై గదులు మునుగుతుంటే 1912 – 14 మధ్య సొరంగం తవ్వి ప్రాచీన మురుగుకాలువలోకి మళ్లించారు. పై గుడికి డబ్బు అడగరు, కిందికి టికెట్ ఉంది. మెట్లు చెమ్మగా ఉంటాయి, జారే చెప్పులు పనికిరావు. వేసవిలో కూడా కింద చలి, పల్చని శాలువా ఉండాలి. ఆదివారం ఉదయం పూజల వేళ కిందికి పంపరు.

మరియ మజ్జోరేకు ఎత్తు దారి, నెమ్మదిగా నడిస్తే ఇరవై నిమిషాలు. 431లో మేత్రాణుల ఎఫెసు మహాసభ మరియమ్మను దేవమాతగా ప్రకటించిన వెంటనే కట్టిన దేవాలయం. నడవ గోడలమీద అబ్రాహాము, యాకోబు, మోషే, యెహోషువల మొజాయిక్‌లు 5వ శతాబ్దానివే. బాగా ఎత్తులో ఉన్నాయి, చిన్న బైనాక్యులర్స్ లేకపోతే రంగులు తప్ప కథ తెలియదు.

2025 ఏప్రిల్ 26 నుంచి ఇక్కడ పోపు ఫ్రాన్సిస్ సమాధి ఉంది. ఎడమ పక్క నడవలో పేరొక్కటే చెక్కిన సాదా రాయి. వరస కదులుతూనే ఉంటుంది, క్షణం మించి నిలవనివ్వరు. జపమాల చెప్పుకోవాలంటే పక్కనే ఉన్న పౌలిన్ చాపెల్‌కు వెళ్లాలి. ఆయన పోపు అయిన మర్నాడు వచ్చి మోకరిల్లిన మరియమ్మ పటం అక్కడే ఉంది. కూర్చోవడానికి బెంచీలున్నాయి, జపమాలలోని ఐదు దశకాలూ (పదేసి జపాల వరుసలు) నిదానంగా పూర్తిచేసుకోవచ్చు.