టిక్ ఫీవర్ నుంచి మా కుక్కని గట్టెక్కించిన తీరు

కోనసీమలో కుక్కల్ని పెంచేవాళ్ళకి గోమార్లు (రక్తం తాగే టిక్ పురుగులు) కొత్త కాదు. ఇక్కడి ఉక్కపోతలో అవి ఏడాది పొడుగునా ఉంటాయి. వాటి కాటుతో ఎర్లీకియా అనే క్రిమి వల్ల వచ్చే జ్వరం మాత్రం చాలా ఇళ్ళలో ముదిరేదాకా పట్టుబడదు. మా ఇరవై కిలోల నాటు కుక్కకి అది వచ్చి తగ్గింది. మందు ఇవ్వడం ఒక ఎత్తు, ఇల్లు శుభ్రం చేయడం ఒక ఎత్తు. ఈ రెండూ కలిసి సాగితేనే జబ్బు పోతుంది.

మొదట అన్నం మానేసింది. పై పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి. పొట్ట కింద వెంట్రుకలు లేనిచోట సూదితో పొడిచినట్టు ఎర్రటి చుక్కలు. థర్మామీటరు మొనకి కొబ్బరినూనె రాసి మలద్వారంలో పెడితే 104 డిగ్రీలు చూపించింది. కుక్కకి 102.5 దాకా మామూలే. కొన్నిటికి ముక్కు నుంచి రక్తం కారుతుంది, విరేచనం తారులా నల్లగా అవుతుంది. అలా ఉంటే మర్నాటి దాకా ఆగకూడదు. ముక్కులోంచి రక్తం వస్తుంటే దూది దూర్చవద్దు, తల పైకెత్తవద్దు. కుక్కని కదలకుండా పడుకోబెట్టి, ముక్కు దూలం మీద చల్లటి తడిగుడ్డ వేసి, డాక్టరు దగ్గరికి బయల్దేరడమే.

ఇంట్లో ఉన్న పారాసిటమాల్, డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటివి ఒక్కటి కూడా వేయకూడదు. అసలే ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) పడిపోయిన ఒంట్లో డైక్లోఫెనాక్, బ్రూఫెన్ లాంటి నొప్పి మాత్రలు కడుపులో పుండ్లు చేసి రక్తం పోయేలా చేస్తాయి. బొప్పాయి ఆకు రసం పడుతూ మూడు రోజులు చూద్దామనే అలవాటు మన వైపు బాగా ఉంది. ఆ మూడు రోజులే ఈ జబ్బులో విలువైనవి.

రాజమండ్రిలో డాక్టరు గారు ముందు కాలి నరం నుంచి రక్తం తీశారు. సూది తీశాక అయిదు నిమిషాలు వేలితో గట్టిగా నొక్కి పట్టుకోమన్నారు, ఎందుకంటే గడ్డకట్టడం ఆలస్యమవుతుంది. ప్లేట్‌లెట్లు 38 వేలు, హిమోగ్లోబిన్ 8.5. కుక్కకి ప్లేట్‌లెట్లు దాదాపు రెండు లక్షల నుంచి అయిదు లక్షల దాకా, హిమోగ్లోబిన్ 12 పైన ఉండాలి. మనుషుల ల్యాబులో ఇచ్చిన లెక్కని మాత్రం ఒక్కదాన్నే నమ్మకండి. కుక్క రక్తంలో ప్లేట్‌లెట్లు గుంపులుగా అతుక్కుంటాయి, యంత్రం వాటిని తక్కువగా లెక్కిస్తుంది. గాజు పలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో కూడా చూడమని అడగాలి. ఆ పలకలోనే బబీసియా అనే ఇంకో క్రిమి ఉంటే కనిపించవచ్చు. అది కూడా గోమార్ల వల్లే వస్తుంది, దానికి మందు వేరు. మూత్రం ఎర్రగా వస్తున్నా, ఎర్లీకియాకి ఇచ్చే యాంటీబయాటిక్ డాక్సీసైక్లిన్ మొదలెట్టిన రెండు మూడు రోజులకీ జ్వరం దిగకపోయినా దాన్నే అనుమానించాలి. పలకలో ఎర్లీకియా కనిపించలేదంటే లేదని అర్థం కాదు. క్రిమి ఉన్నా అరుదుగానే కంటపడుతుంది.

మందు డాక్సీసైక్లిన్: కిలోకి 5 మిల్లీగ్రాముల చొప్పున పూటకి 100, రెండు పూటలా, 28 రోజులు. చిక్కంతా ఇక్కడే ఉంది. రెండు మూడు రోజులకే కుక్క లేచి తోక ఊపుతుంది, అన్నం తింటుంది. వారానికల్లా మాత్రలు ఆపేసేవాళ్ళు ఎంతమందో. ఆపితే క్రిమి ప్లీహంలో దాక్కుని, నెలల తర్వాత ఎముక మూలుగని దెబ్బతీసి బయటపడుతుంది. ఆ దశలో వైద్యం చాలా కష్టం.

ఖాళీ కడుపున ఇస్తే వాంతి ఖాయం. సగం అన్నం తిన్నాక మాత్ర, ఆ వెంటనే సిరంజితో అయిదారు మిల్లీలీటర్ల నీళ్ళు, తర్వాత మిగతా సగం. మాత్ర గొంతు దిగువన ఇరుక్కుంటే ఆహారనాళాన్ని కాల్చేస్తుంది. మన ఇళ్ళలో కుక్కకి పెట్టేది పెరుగన్నమే కదా, మాత్ర ఆ ముద్దలో పెట్టకూడదు. పాలు, పెరుగు, కాల్షియం, ఐరన్ టానిక్కులు మందుని ఒంటికి పూర్తిగా పట్టనివ్వవు. వాటికీ మాత్రకీ కనీసం రెండు గంటలు తేడా ఉండాలి. మేం ఉప్పూ కారం లేని కోడిమాంసం ఉడకబెట్టి మెత్తటి అన్నంలో కలిపాం. ఎముకలు మానిపించాం, చిగుళ్ళు గీసుకుంటే రక్తం ఆగదు. మెడపట్టీ తీసి ఛాతీ పట్టీ వేశాం. ప్లేట్‌లెట్లు లక్ష దాటేదాకా అరుగు మీంచి దూకనివ్వలేదు, వేరే కుక్కలతో ఆడనివ్వలేదు.

ఇక ఇల్లు. ఈ గోమారి బతుకులో ఎక్కువ కాలం కుక్క ఒంటి మీద ఉండదు. రక్తం తాగి రాలి, గోడ ఎక్కి, పగుళ్ళలో, గుమ్మం చెక్క వెనక, పెంకుటిల్లయితే దూలాల సందుల్లో వేల గుడ్లు పెడుతుంది. గేదెల మీద కనిపించే పిడుదులు వేరే రకం, ఈ జ్వరానికి వాటిని తప్పుపట్టి పాక కడిగితే లాభం లేదు. మేం పగుళ్ళకి సిమెంటు పూసి పైన సున్నం వేశాం. కుక్క పడుకునే గోనెసంచి కాల్చేశాం. గుడ్లు పగలడానికి వారాలు పడుతుంది కాబట్టి డెల్టామెత్రిన్ అనే పురుగుమందు ఒకసారి కొట్టి వదిలేస్తే కుదరదు. మూడు వారాలకి మళ్ళీ కొట్టాలి. కుక్కని, ముఖ్యంగా పిల్లుల్ని, నేల ఆరేదాకా దూరంగా ఉంచాలి. స్ప్రే డబ్బా కాలువలో గానీ చెరువు దగ్గర గానీ కడగొద్దు. ఈ మందు చేపలకీ రొయ్యలకీ విషం. పశువుల కోసం తెచ్చిన అదే మందుని అంచనాగా కలిపి కుక్క ఒంటికి పూయడం మా ఊళ్ళోనూ చూశాను. దయచేసి వద్దు.

ఒంటి మీద ఉన్నవాటిని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగి స్పిరిట్లో వేయాలి. గోళ్ళతో చిదపకూడదు, కిరసనాయిలు పోయకూడదు. గోమార్లని చంపే ఫ్లురాలనర్ నమిలే మాత్ర ఒకటి వేస్తే 12 వారాలు పనిచేస్తుంది. మూర్ఛ వచ్చే కుక్క అయితే ముందే డాక్టరుకి చెప్పాలి.

వారానికోసారి రక్తం చూపించాం, ప్లేట్‌లెట్లు రెండు లక్షలు దాటాయి. మందు అయిపోయిన నెలకి ఇంకోసారి చూపించాలి. అప్పుడు కిట్ పరీక్ష చేసి పాజిటివ్ వచ్చిందని బెంగపడేవాళ్ళున్నారు. ఆ కిట్ చూసేది క్రిమిని కాదు, దాని మీద ఒళ్ళు తయారుచేసుకున్న యాంటీబాడీలని. అవి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు ఉంటాయి. తగ్గిందో లేదో చెప్పేది ప్లేట్‌లెట్ల లెక్క, కుక్క తిండి, బరువు. దీనికి టీకా లేదు, ఒకసారి వచ్చి తగ్గినా మళ్ళీ రాకుండా రక్షణ ఉండదు. తగ్గిన కుక్కచేత వేరే కుక్కకి రక్తం ఇప్పించకూడదు.